బయటి నీళ్ళు: సగం పాతిన పూల్ నేర్పిన పాఠాలు

నా ఉద్యోగమంతా నాగార్జునసాగర్ కుడి కాలువ మీదే గడిచింది. పల్నాడు నల్లరేగడిలో కాలువ లైనింగు పలకలు ఎందుకు పగులుతాయో, ఎందుకు పైకి లేస్తాయో చూస్తూ చూస్తూనే రిటైరయ్యాను. ఇప్పుడు డాలస్‌కు ఉత్తరాన మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. పెరట్లో పార వేస్తే అదే నేల! వానకు చెప్పులు ఊడబెరుకుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. వేసవిలో ఇక్కడివాళ్ళు ఇంటి పునాదుల చుట్టూ గొట్టాలు పరిచి తడుపుతుంటారు, నేల ముడుచుకుని ఇల్లు బీటలు వారకుండా.

ఆ నేలలో మావాళ్ళు 24 అడుగుల గుండ్రటి స్విమ్మింగ్ పూల్ పెట్టారు. గోడ ఎత్తు 52 అంగుళాలు, అందులో రెండడుగులు భూమిలోకి. మొదటిసారి చెడింది. మరుసటి ఏడాది విప్పి మళ్ళీ పెట్టాం. ఆ రెండుసార్లలో తెలిసినవి ఇవి.

1. ఆ గోడ పాతడానికి పనికొస్తుందా అని ముందు అడగండి

నేల మీద నిలబెట్టే మామూలు పూల్ గోడ పల్చటి ఉక్కు రేకు. నాలుగడుగుల లోతున నింపితే మా పూల్‌లో పట్టేది 51 వేల లీటర్లు, అంటే 51 టన్నుల బరువు. అంత నీటిని ఆ రేకు ఎలా ఆపుతుంది? పీపాకి బిగించిన ఇనప కట్టులాగా. లోపలి నుంచి నీళ్ళు తోసేకొద్దీ అది బిగుసుకుని నిలబడుతుంది. అదే రేకును బయటి నుంచి నెట్టండి, ఖాళీ నూనె డబ్బాలా సొట్టపోతుంది. అందుకే మామూలు రకాన్ని మట్టిలో పూడిస్తే గ్యారంటీ చెల్లదని చాలా కంపెనీల కాగితాల్లోనే ఉంటుంది. ఆ కాగితం మేము గొయ్యి పూడ్చాక చదివాం. పాతడానికే చేసిన మందపాటి పలకల రకం వేరే ఉంది. రెండోసారి అదే కొన్నాం.

2. పార దించే ముందు 811కి ఫోన్ చెయ్యండి

అమెరికాలో ఎక్కడ తవ్వినా ముందు ఆ నంబరుకు చెప్పాలి. టెక్సస్‌లో కనీసం రెండు పనిదినాల ముందు. వాళ్ళు వచ్చి గడ్డిలో జెండాలు పాతి వెళతారు. ఎరుపు కరెంటుకు, పసుపు గ్యాసుకు, నీలం మంచినీళ్ళకు, ఆకుపచ్చ మురుగుకు, నారింజ ఫోన్ తీగలకు. అయితే మనం సొంతంగా వేయించుకున్న గొట్టాలకు జెండా రాదు. పచ్చికకు నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ పైపును మా తవ్వకం యంత్రం రెండు ముక్కలు చేసింది. ఊరి అనుమతి, కాలనీ సంఘం అనుమతి కూడా అప్పుడే తీసుకోండి.

3. మట్టి ఎక్కడికి పోతుందో ముందే తేల్చుకోండి

పనివాళ్ళు తిరగడానికి చుట్టూ రెండడుగులు వదిలితే గొయ్యి 28 అడుగులవుతుంది. రెండడుగుల లోతుకు సుమారు 1,230 ఘనపుటడుగుల మట్టి. తవ్వాక అది వదులై పొంగి 1,500 దాటుతుంది. మొదటిసారి కుప్ప పక్కనే పోయించాం. ఒక్క వానకు సగం జారి మళ్ళీ గోతిలోకే వచ్చింది.

4. మెరకను చెక్కండి, పల్లాన్ని పూడ్చకండి

అడుగు ఈ చివర నుంచి ఆ చివరకు అంగుళం కూడా తేడా రాకూడదు. పల్లంలో మట్టి పోసి చదును చేయడం తేలిక. కానీ పోసిన మట్టి నీటి బరువుకు కుంగుతుంది, పూల్ ఒక పక్కకు ఒరుగుతుంది. ఎత్తుగా ఉన్నచోటే చెక్కుకుంటూ రావాలి. లేజర్ యంత్రం పెట్టి చూశాక కూడా నాకు మనసొప్పక, మన మేస్త్రీలు చేసినట్టు పారదర్శక గొట్టంలో నీళ్ళు నింపి మట్టం పట్టాను. రెండూ ఒకే మాట చెప్పాయి. అప్పుడు నిద్రపట్టింది.

5. తవ్విన రేగడితో గోడ పక్కన పూడ్చకండి

మొదటిసారి మేం బోల్తా పడ్డది ఇక్కడే. కాంట్రాక్టరు తవ్విన మట్టినే గోడ చుట్టూ పోసి తొక్కించాడు. నేను చూస్తూ నిలబడ్డాను. సాగర్ కాలువకూ అమెరికా పెరటికీ ఏం పోలిక, వాళ్ళకు తెలియదా అనుకున్నాను. మే నెలలో పూల్ లోపల పరిచిన లైనర్‌కు చిల్లి పడితే అతుకు వెయ్యడానికి మా అబ్బాయి సగం నీళ్ళు తోడేశాడు. ఆ రాత్రి మొదలైన వాన రెండు రోజులు కురిసింది. మూడో రోజు పొద్దున పడమటి గోడ బారెడు మేర లోపలికి పొట్ట వేసుకుని ఉంది. పక్కనున్న రేగడి నీళ్ళు తాగి ఉబ్బింది, లోపల ఎదురు నిలిచే నీళ్ళు లేవు.

కాలువల్లో ఇదే బెడదకు లైనింగు వెనక ఉబ్బని మట్టిని ఒక పొరగా పరుస్తాం. సీఎన్ఎస్ అంటాం దాన్ని. పెరట్లో ఆ పని ముప్పావంగుళం కంకర చేస్తుంది. కంకరలోకి రేగడి చొరబడకుండా మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ వెయ్యండి. గోడ లోహానిదైతే తుప్పు పట్టకుండా బయటివైపు రక్షణ పొర కూడా కావాలి.

6. కంకరకు కూడా దారి ఇవ్వాలి

కంకర పోసి ఊరుకుంటే రేగడిలో అదొక తొట్టి. చుట్టుపక్కల వాననీళ్ళన్నీ అందులోకి దిగి నిలుస్తాయి. అడుగున చిల్లుల గొట్టం చుట్టూ తిప్పి, వాలు ఇచ్చి, ఒక గుంటలోకి వదలాలి. మా స్థలంలో పల్లం లేదు కాబట్టి ఆ గుంటలో చిన్న మోటారు పెట్టాం. పైన నేలను కూడా పూల్ నుంచి బయటికి వాలేలా చెక్కించాం.

7. లోపలి మట్టం ఎప్పుడూ పైన ఉండాలి

కంకర పోసేటప్పుడు లోపల నీళ్ళు, బయట కంకర వంతులవారీగా పెరగాలి. ఎప్పుడు చూసినా లోపలి మట్టమే ఎక్కువ ఉండాలి. తర్వాత కూడా శుభ్రం చేద్దామని ఖాళీ చెయ్యకండి. కాలువను ఉన్నట్టుండి కట్టేస్తే వెనక నేలలోని నీళ్ళు లైనింగును లేపేస్తాయి. అందుకే నీళ్ళు మెల్లగా తగ్గించమని మా పైవాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకునేవాళ్ళు. పూల్‌కూ అదే సూత్రం. తప్పనిసరై తీయాల్సివస్తే ముందు బయటి గుంట చూడండి.

8. గోడ తగ్గితే కంచె పెరగాలి

ఇక్కడ చాలా ఊళ్ళలో పూల్ చుట్టూ కనీసం 48 అంగుళాల అడ్డు ఉండాలంటారు. నేల మీద నిలబెడితే 52 అంగుళాల గోడే అడ్డు, నిచ్చెన తీసేస్తే చాలు. రెండడుగులు పాతాక పైన మిగిలేది 28 అంగుళాలు. మూడేళ్ళ పిల్ల ఎక్కేస్తుంది. కంచె కట్టాం. దాని తలుపు బయటికి తెరుచుకుని, తనంతట తనే మూసుకుని, గడియ పడేది కావాలి.

9. రాగి తీగను పూడ్చేముందు చూపించండి

పూల్ గోడ, నిచ్చెన, పంపు, దగ్గర్లోని లోహమంతటినీ 8వ నంబరు గట్టి రాగి తీగతో ఒకదానికొకటి కలపాలి. మనకు తెలిసిన ఎర్తింగు వేరు, ఇది వేరు. ఏ రెంటి మధ్యా వోల్టేజీ తేడా లేకుండా చూడటానికి ఇది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చెయ్యాలి, ఇన్‌స్పెక్టర్ చూశాకే కంకర పడాలి.

10. ఒక గొట్టం నిలబెట్టుకోండి

గుంటలోంచి నిలువుగా ఒక ప్లాస్టిక్ గొట్టం పైకి తెచ్చి మూత పెట్టాం. వాన వెలిసిన ప్రతిసారీ నేను కర్ర దించి తడి ఎంతవరకు తగిలిందో చూస్తాను. మనవరాలు ఆ కర్ర మీద స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టింది. "తాతయ్యా, ఈత కొట్టే నీళ్ళు అక్కడుంటే నువ్వెప్పుడూ ఇక్కడే చూస్తావేంటి?" అని అడిగింది ఓసారి. ఏం చెప్పాలో తోచక కర్ర దాని చేతికిచ్చాను. నిన్న వాన పడితే నేను చెప్పులు వెతుక్కునేలోపే వెళ్ళి చూసొచ్చి, "రెండో గీత దాకా ఉంది, మోటారు నడుస్తోంది" అని చెప్పింది.