పదును పరీక్ష

చదువవలసిన భాగములు: ప్రసంగి 10:10, 1 సమూయేలు 13:19–21

ఈ నెల పాఠమునకు మనము కమ్మరి కొలిమి యొద్దకు పోవుదము. వరంగల్లు నుండి ఖమ్మము పోవు మార్గములో మరిపెడ యున్నది. 2016 వరకు అది వరంగల్లు జిల్లాలోనిది. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలోనిది. ఈ ప్రాంతములో కూరగాయలు తరుగు చాకు మొదలు తాటిచెట్టెక్కు గౌడన్న గీతకత్తి వరకు చిన్న కత్తి లేనిదే దినము గడవదు. అట్టి కత్తి మంచిదని ఎట్లు తెలిసికొందుము? అనేకులు మెరుపు చూచి కొందురు. మెరుపు సానరాయి చేసిన పని. ఉక్కు గుణము వేరు.

1. రెండు గుణములు

పదును ఒకటి, పదును నిలుచుట మరియొకటి. మొదటిది ముఖ్యముగా అంచు సన్నదనమును, నూరిన కోణమును బట్టి యుండును. రెండవది ఉక్కును, కమ్మరి దానిని కాల్చి ముంచిన విధమును కూడ బట్టి యుండును. అంతర్జాతీయ ప్రమాణ సంస్థ 2004లో ప్రకటించిన 8442-5 అను ప్రమాణము ఈ రెంటిని వేరువేరుగా కొలుచును. నూటికి 5 వంతులు ఇసుకజాతి పొడి కలిసిన అట్టలను, సుమారు 5 కిలోల బరువుతో కత్తిమీద నొక్కి, 60 మారులు ముందుకు వెనుకకు కోయింతురు. మొదటి 3 మారులలో తెగినది పదునును, మొత్తము తెగినది నిలుకడను తెలుపును.

2. ఇంటిలో చేయదగిన పరీక్ష

యంత్రము లేకున్నను క్రమము మనకు సాధ్యమే.

మొదట కత్తులన్నిటిని ఒకే రాతిమీద, ఒకే కోణములో నూరవలెను. లేనియెడల మనము పరీక్షించునది ఉక్కును కాదు, నూరిన చేతిని. అంచును దీపము వైపు త్రిప్పి చూడుడి. మొద్దుబారిన చోట వెలుగు గీతవలె మెరయును, పదునైన చోట ఏమియు కనబడదు. తరువాత వార్తాపత్రిక కాగితమును కోయుడి.

పిమ్మట ఒకే లావుగల జనపనార త్రాటిని చెక్కమీద నుంచి, అంచులో గుర్తుపెట్టిన ఒకే భాగముతో కోయుచు లెక్క వ్రాసికొనుడి. కాగితము చిరుగకుండ తెగుట మానినప్పుడు లెక్క ఆపవలెను. మరల నూరి మూడు మారులు చేయుడి. ఒక్క పరీక్షను నమ్మరాదు.

3. కమ్మరికి న్యాయము

అంచును ఇత్తడి కడ్డీమీద మెల్లగా నొక్కి చూచినయెడల లోపమెక్కడనో తెలియును. వంగి తిరిగి యథాస్థితికి వచ్చిన మంచిది. వంగి అట్లే యుండిపోయిన ఉక్కు మెత్తన. పెళుసుగా విరిగిన మిక్కిలి గట్టి. ముంచిన తరువాత తిరిగి కొంచెము కాచుట చాలలేదన్నమాట. గడ్డిరంగు, అనగా సుమారు 220 డిగ్రీల వేడి తగిలినప్పుడు ఆ పెళుసుదనము తగ్గును.

నిజామాబాదు జిల్లా కోనసముద్రములో మూసలలో చేసిన ఉక్కును పారశీక వర్తకులు కొనిపోవుచుండిరి. మన దేశపు ఉక్కును మైకేల్ ఫారడే, కత్తులు చేయు స్టోడార్టు 1819 తరువాత లండనులో పరిశోధించిరి. అట్టి విద్యకు వారసులైన కమ్మరులను, మనమే తప్పుగా నూరిన కత్తిని చూపి నిందించుట అన్యాయము. లోపము కనబడినయెడల లెక్కతో చెప్పుదము, అతడు దిద్దుకొనును. ఊరకే ధర తగ్గించి అడిగినయెడల కొలిమి ఆరిపోవును.

4. వాక్యము చూపునది

కమ్మరి లేని జనము స్థితి సమూయేలు గ్రంథములో చూచుచున్నాము. ఇశ్రాయేలీయులు పనిముట్లు నూరించుకొనుటకు శత్రువుల యొద్దకే పోవలసివచ్చెను. అక్కడి ‘పీము’ అను మాటను 1611 నాటి ఇంగ్లీషు తర్జుమా ఆకురాయి అని వ్రాసినది. ఆ మాట చెక్కిన సుమారు 7.8 గ్రాముల తూకపు రాళ్లు త్రవ్వకాలలో దొరికిన పిమ్మట, అది నూరినందుకు ఇచ్చిన వెల అని తెలిసినది.

మొద్దు పనిముట్టు లోటును మనిషి తన చెమటతో తీర్చవలసివచ్చునని ప్రసంగి ఎరుగును. తాటిచెట్టుమీద ఆ లోటు చెమటతో తీరదు. బలము ఎక్కువ పెట్టిన చేయి జారును. కాబట్టి నూరుటయు, పరీక్షించుటయు ఆలస్యము కాదు, పనిలో భాగమే.

ఆలోచించుటకు:
(1) మన యింటి కత్తిని చివరిసారి ఎప్పుడు నూరితిమి?
(2) మొదటి కోత చూచి తీర్పు చెప్పుదుమా, నూరవ కోత చూచియా?
(3) మన ఊరి కొలిమి ఆరినయెడల ఎవరి యొద్దకు పోవుదుము?