లెడ్జర్ గళ్ళ నుంచి ఫోన్ తెర దాకా

మా అమ్మాయి ఫ్రంట్ ఎండ్ డెవలపర్. జగదల్‌పూర్‌లో మా క్వార్టర్స్‌లోనే కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేస్తుంది. వెబ్‌సైట్‌లో మన కంటికి కనిపించే, వేలికి తగిలే భాగాన్ని కట్టడం ఆమె పని. లోపల లెక్కలు చూసే సర్వర్ మనుషులు వేరు, బొమ్మ గీసి ఇచ్చే డిజైనర్ వేరు. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలున్న మన సహోద్యోగులు ఈ ఉద్యోగం గురించి తరచూ అడుగుతుంటారు. అందుకే అందులో ముఖ్యమైన ఒక పాఠం, అంటే పేజీ అమరిక గురించి ఇక్కడ చెప్పుకుందాం.

పేజీలో ఏముందో చెప్పేది హెచ్‌టీఎంఎల్. అది ఎక్కడ, ఏ రూపంలో కనిపించాలో చెప్పేది సీఎస్ఎస్. హోకన్ వియుమ్ లీ 1994 అక్టోబరులో దీన్ని ప్రతిపాదిస్తే, 1996 డిసెంబరులో మొదటి ప్రమాణం వచ్చింది. రంగులకు, అక్షరాలకు అది చాలింది గానీ పేజీని వరుసలుగా నిలబెట్టే సాధనం అందులో లేదు. అందుకని జనం మొదట పట్టికలను, తర్వాత ఫ్లోట్‌ను వాడుకున్నారు. ఫ్లోట్ అసలు బొమ్మ పక్కనుంచి అక్షరాలు పారడానికి పెట్టింది. దానితో పేజీ మొత్తం నిలపడమంటే బట్టల క్లిప్పులతో పెళ్ళిపందిరి వేయడమే. అయినా ఏళ్ళ తరబడి అలాగే నడిపారు. 2010లో ఈథన్ మార్కాట్, తెర వెడల్పును బట్టి పేజీ తానే మారే పద్ధతికి రెస్పాన్సివ్ డిజైన్ అని పేరు పెట్టాడు. సరైన పనిముట్లు ఆ తర్వాత అందాయి.

మొదటిది ఫ్లెక్స్‌బాక్స్. బస్తర్ వారపు సంతను తలచుకోండి. చింతపండు, ఇప్పపువ్వు, కూరగాయలు అమ్మేవాళ్ళు ఒక వరుసలో గుడ్డలు పరుచుకుంటారు. చోటు మిగిలితే కాస్త విశాలంగా కూర్చుంటారు, చోటు చాలకపోతే వెనుక ఇంకో వరుస మొదలవుతుంది. ఫ్లెక్స్ చేసేదీ ఇదే: ఒక దిక్కుగా వరుస పేర్చి, మిగిలిన చోటు పంచుతుంది. ర్యాప్ అని చెబితే రెండో వరుసకు దింపుతుంది. మెనూలు, బటన్ల వరుసలు దీనితో కడతారు.

రెండోది గ్రిడ్. ఇది అడ్డానికీ నిలువుకూ కలిపి గీసిన గళ్ళు. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడింటిలోనూ వచ్చింది. మన ఇళ్ళలో వాళ్ళకు దీన్ని చెప్పడం సులువు, లెడ్జర్ చూడనివాళ్ళం కాదు కదా! తేదీ, వివరం, చెల్లింపు, జమ, నిల్వ, ఐదు నిలువు వరుసలు. తెర వెడల్పు 900 పిక్సెళ్ళు అనుకుందాం. తేదీకి 110, మూడు అంకెల వరుసలకు తలా 130 చొప్పున 390, వెరసి 500. వరుసల మధ్య నాలుగు ఖాళీలు, ఒక్కోటి 10, అంటే 40. వివరం వరుసకు ‘1 ఎఫ్ఆర్’ అని రాస్తాం. మిగిలినదంతా నీదే అని దాని అర్థం. 900లోంచి 540 పోగా 360 దానికి దక్కుతుంది. తెర పెరిగినా తరిగినా ఈ తీసివేతను బ్రౌజరే చేసుకుంటుంది.

ఇక్కడొక చిక్కుంది. వివరంలో యూపీఐ రిఫరెన్స్ లాంటి, మధ్యలో ఖాళీ లేని పొడవాటి సంఖ్య వస్తే ఆ వరుస కుంచించుకోదు, పక్కవాటిని తెర బయటికి నెట్టేస్తుంది. ఎందుకంటే 1 ఎఫ్ఆర్ తన లోపలి మాట కన్నా చిన్నది కావడానికి మామూలుగా ఒప్పుకోదు. కనిష్ఠం సున్నా, గరిష్ఠం 1 ఎఫ్ఆర్ అని మిన్‌మ్యాక్స్‌తో రాసి, మాటను ఎక్కడైనా విరవవచ్చని ఓవర్‌ఫ్లో ర్యాప్‌తో చెప్పాలి. కొత్తగా చేరినవాళ్ళు దీని దగ్గర ఒక పూట పోగొట్టుకుంటారు.

మరి 360 పిక్సెళ్ళ ఫోన్‌లో? 540 అందులో పట్టదు. అక్షరాలు చిన్నవి చేయడం దారి కాదు. వరుసలు వదిలి ఒక్కో లావాదేవీని ఒక్కో కార్డుగా మార్చాలి: పైన తేదీ, వివరం, కుడివైపు మొత్తం, కింద నిల్వ. తెర ఎంత వెడల్పు ఉంటే ఏది వాడాలో మీడియా క్వెరీ చెబుతుంది. తెరను కాక, తాను కూర్చున్న పెట్టె వెడల్పును చూసి మారే కంటైనర్ క్వెరీలు కూడా 2023 ఫిబ్రవరి నాటికి ముఖ్యమైన బ్రౌజర్లన్నిటికీ వచ్చేశాయి.

తెలుగుకు ఇంకో లెక్క ఉంది. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషు అక్షరాన్ని చూసుకుని బటన్ ఎత్తును బిగించేస్తే వత్తు తెగిపోతుంది. ‘సబ్మిట్’ పట్టిన వెడల్పులో ‘దరఖాస్తు సమర్పించండి’ పట్టదు. ఎత్తు బదులు కనిష్ఠ ఎత్తు, పిక్సెళ్ళ బదులు అక్షరంతోపాటు పెరిగే రెమ్ కొలత వాడితే ఈ బాధ చాలావరకు ఉండదు.

ఇది అందచందాల సంగతి మాత్రమే కాదు. నవంబరు అంటే మన శాఖల్లో లైఫ్ సర్టిఫికెట్ల నెల. చిత్రకోట్ వైపు పల్లె నుంచి సుమారు 40 కిలోమీటర్లు బస్సులో ఒక పెద్దాయన వచ్చారు. విజయనగరం నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మాస్టారు. చూపు మందగించి ఫోన్‌లో అక్షరాలు బాగా పెద్దవి చేసుకున్నారు. “బాబూ, నొక్కుదామంటే మీటే అగుపడ్డం లేదు” అన్నారు. ఆయన తెరిచిన పేజీ ఎత్తును సరిగ్గా తెర ఎత్తుకు బిగించి, స్క్రోల్ ఆపేశారు. అక్షరాలు పెరిగేసరికి బటన్ తెర కిందికి జారిపోయింది, పైకి లాగే వీల్లేదు. ఆ పూటకు అక్షరాలు తగ్గించి పని పూర్తిచేయించాం. సాయంత్రం ఇంట్లో చెబితే మా అమ్మాయి, “రెండు లైన్ల పని నాన్నా. ఎత్తును కనిష్ఠ ఎత్తు చేసి, స్క్రోల్ వదలాలి” అంది. ఆ రెండు లైన్లు లేక మాస్టారికి ఒక రోజు, రానుపోను బస్సు చార్జీలు పోయాయి. అప్పటినుంచి ఆమె ఏ పేజీ ఇచ్చినా అక్షరాలు రెట్టింపు చేసి చూశాకే ఇస్తోంది. డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది కూడా.

ఇక ఉద్యోగం సంగతి. పొద్దున డిజైనర్ బొమ్మ వస్తుంది. అందులో పేర్లన్నీ పొట్టిగా, ఫొటోలన్నీ ఒకే సైజులో ఉంటాయి. నిజం పేర్లు అలా ఉండవు కదా, కాబట్టి సగం రోజు ప్రశ్నలతోనే పోతుంది. తర్వాత రాయడం, సీనియర్ల సమీక్ష, దిద్దుబాటు. విడుదల రోజుల్లో రాత్రి పదైనా లేవదు. కళ్ళు, మెడ నొప్పులు ఈ పనికి తోబుట్టువులు. కరెంటు పోతుందని ఇన్వర్టర్ పెట్టించాం. మా అమ్మాయి పాత చవక ఫోన్ ఒకటి బల్ల మీద ఉంచుకుని, నెట్ నెమ్మదిగా ఉన్నట్టు నటించే సదుపాయం పెట్టి పరీక్షిస్తుంది. పెద్ద నగరపు వేగంలో కూర్చున్నవాళ్ళకు తోచని తప్పులు ఇక్కడ తొందరగా దొరుకుతాయట.

నేర్చుకోవాలనుకునే పిల్లలకు నా మాట: బూట్‌స్ట్రాప్ లాంటి తయారు సరుకుతో మొదలుపెట్టకండి, ముందు మామూలు సీఎస్ఎస్ చేతికి రావాలి. ఎండీఎన్‌లో పాఠాలు ఉచితం. ఫ్లెక్స్‌బాక్స్ ఫ్రాగీ, గ్రిడ్ గార్డెన్ అనే ఆటలు చిన్నపిల్లలు కూడా ఆడగలరు.

ఈ ఆదివారం ఒక అభ్యాసం. పైన చెప్పిన ఐదు వరుసల లెడ్జర్‌ను గ్రిడ్‌తో కట్టండి. వివరంలో ఖాళీ లేని 40 అంకెల సంఖ్య ఒకటి పెట్టండి. బ్రౌజర్ కిటికీని 360 పిక్సెళ్ళ దాకా కుదించండి. తర్వాత అక్షరాలను రెట్టింపు చేసి, నిల్వ మొత్తం ఇంకా కనిపిస్తోందో లేదో చూడండి.