పేరు ఒక్కటే, తుఫాన్లు వేరు

నస్రుల్లాబాద్ సముద్రానికి చాలా దూరం. అయినా బంగాళాఖాతంలో తుఫాను పుడితే ఒక్కోసారి ఇక్కడ కూడా వాన పడుతుంది. కల్లంలో వడ్లు ఆరబోసిన వాళ్లకు ఆ బాధ తెలుసు. అందుకే తుఫాను కబురు మనకూ కావాలి.

తుఫానుకు పేరెందుకు?

1977 నవంబర్ 19న కృష్ణా జిల్లా దివిసీమను పెద్ద తుఫాను ముంచింది. సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. సుమారు 10,000 మంది చనిపోయారు. అప్పట్లో మన దిక్కు తుఫాన్లకు పేర్లు లేవు. జనమే దాన్ని దివిసీమ ఉప్పెన అన్నారు.

2004 నుండి మన దిక్కు కూడా పేర్లు పెడుతున్నారు. చుట్టుపక్కల దేశాలు ముందే పేర్లు రాసి ఇస్తాయి. వాటిని వరుసగా పెడతారు.

2013 నవంబర్ 22న మచిలీపట్నం దగ్గర ఒక తుఫాను తీరం దాటింది. అంటే సముద్రం వదిలి నేల మీదికి వచ్చింది. దాని పేరు హెలెన్. ఆరు రోజులకే ఇంకొకటి అక్కడికే వచ్చింది. దాని పేరు లెహర్. అది తీరం చేరేసరికి బలం తగ్గింది. కానీ పేర్లు లేకుంటే ఎంత గందరగోళం! "తుఫాను పోయింది గదా, ఇంక భయమెందుకు?" అనుకుంటారు. పోయింది హెలెన్. వచ్చేది లెహర్.

ఒకే పేరు, వేరే తుఫాను

2008 జనవరిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్నం దగ్గర కూడా ఒక తుఫాను వచ్చింది. దాని పేరు కూడా హెలెనే! రెంటికీ సంబంధం లేదు. ఒక్కో సముద్రానికి ఒక్కో పేర్ల పట్టిక ఉంటుంది. అందుకే ఒక్కోసారి పేర్లు కలుస్తాయి.

అమెరికా దిక్కు పేర్లు ఆరేళ్లకోసారి తిరిగి వస్తాయి. 2018లో వచ్చిన హెలీన్ ఎక్కువగా సముద్రం మీదనే తిరిగింది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన హెలీన్ అమెరికాలో 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. తర్వాత ఆ పేరును పట్టిక నుండి తీసేశారు. మన దిక్కు పద్ధతి వేరు. ఒకసారి పెట్టిన పేరు మళ్లీ పెట్టరు.

కాబట్టి పేరు విని తుఫాను బలం చెప్పలేం. ఫోన్లో పాత తుఫాను బొమ్మలు కూడా వస్తుంటాయి. చదువు వచ్చిన వాళ్లు మూడు సంగతులు చూడాలి. తేదీ ఏది? ఏ జిల్లాకు? ఎంత వాన, ఎంత గాలి? ఇవి చదివితే వడ్ల మీద పట్టా ఎప్పుడు కప్పాలో తెలుస్తుంది.

చెప్పండి

1. హెలెన్ తర్వాత మచిలీపట్నం దిక్కు వచ్చిన తుఫాను పేరేమిటి?
2. రెండు తుఫాన్లకు ఒకే పేరు ఎలా వస్తుంది?

చేయండి

ఈ రోజు వాతావరణ కబురు చదవండి. తేదీ, జిల్లా పేరు మీ పుస్తకంలో రాయండి.