తీరప్రాంతపు పందెపు పావురాల గూళ్లలో తేమ: విశాఖ సీతమ్మధార పరిస్థితులకు అన్వయం

పందెపు పావురాల పెంపకం వ్యవసాయ పరిశోధన పత్రికలో చోటు పొందదగిన విషయమేనా అన్న సందేహం కొందరు పాఠకులకు కలగవచ్చు. అయితే గూటిలోని పక్షి రోగగ్రస్తం కావడానికి గల కారణాలను పరిశీలిస్తే, వాటిలో అధికభాగం సస్యశాస్త్రానికి చిరపరిచితమైనవే. గింజలోని తేమ, బూజు, సేంద్రియ పదార్థం కుళ్లి అమ్మోనియా వెలువడడం, గాలిలోని ఆర్ద్రత అటువంటివి. రోగ నిర్ధారణ, చికిత్స పశువైద్యుల పరిధిలోనివి. ఆ హద్దును ఈ వ్యాసం దాటదు. గూడు, గింజ, నీరు, రెట్ట అన్న నాలుగింటికే ఇది పరిమితం.

విశాఖపట్నానికి చేరువలో పావురాలను సంస్థాగతంగా పోషించిన దృష్టాంతం అరకు కొండలకు ఆవల కోరాపుట్‌లో ఉంది. 1946లో సైన్యం నుంచి అందిన 200 పావురాలతో ఒరిస్సా పోలీసు శాఖ అక్కడ పావురాల వార్తా సేవను ఆరంభించింది. 1948లో జవహర్‌లాల్ నెహ్రూ సందేశాన్ని సంబల్‌పూర్ నుంచి కటక్‌కు మోసినవి ఈ సేవకు చెందిన పావురాలే. 1999 అక్టోబరు పెను తుపానులో తీగలు తెగి సమాచార వ్యవస్థ స్తంభించినప్పుడు కూడా వాటిని వినియోగించారు. ఇవి బెల్జియన్ హోమర్ జాతివి. నేటి పందెపు పావురాలు కూడా ఈ హోమర్ సంతతివే. ఇందులో మనకు పనికివచ్చే అంశం ఒకటున్నది. చల్లని కోరాపుట్ కొండలమీద, ఉక్కపోతకు పేరుపడిన కటక్ మైదానంలో కూడా ఒకే జాతి పక్షి మనగలిగింది. కటక్ ఉక్క విశాఖ ఉక్కకు తీసిపోయేది కాదు. కాబట్టి గాలిలోని ఆర్ద్రత మాత్రమే పావురానికి శత్రువని భావించనవసరం లేదు. గూటి అడుగున నిలిచే తడి అసలు శత్రువు. ఈ రెంటినీ వేరుచేసి చూడకపోవడం వల్లనే మన పెంపకందారులు తరచూ వృథా వ్యయానికి లోనవుతున్నారు.

సీతమ్మధారలో గూడు కట్టదలచినవారికి దొరికే చోటు సాధారణంగా డాబా పైభాగమే. ఒకవైపు కొండల వరుస, మరొకవైపు అనతిదూరంలో సముద్రం. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలోని సాపేక్ష ఆర్ద్రత 70 శాతానికి పైనే ఉంటుంది. దీనిని కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. శుద్ధిచేసిన పొడి ఉప్పు సుమారు 75 శాతం ఆర్ద్రత వద్ద గాలిలోని నీటిని పీల్చుకొని చెమ్మగిల్లడం మొదలుపెడుతుంది. వంటింట్లో మూతలేని గిన్నెలో ఉంచిన ఉప్పు చెమర్చిన రోజున గూటిని నీటితో కడగరాదు, కడిగినా అది ఆరదు. రాళ్ల ఉప్పులో మెగ్నీషియం లవణాలు ఉండి అంతకంటె ముందే చెమరుస్తుంది కనుక ఈ పరీక్షకు అది పనికిరాదు.

ఐరోపా పుస్తకాలు గాలి ధారాళంగా ఆడనిస్తే గూడు ఆరుతుందని చెబుతాయి. 80 శాతం ఆర్ద్రత గల గాలి అమ్మోనియాను, వేడిని తీసుకుపోగలదు గాని, తడిసిన రెట్టను మాత్రం మందకొడిగానే ఆరబెడుతుంది. అనంతపురంలో ఒక పూటలో ఆరేది ఇక్కడ రెండు రోజులైనా ఆరకపోవచ్చు. కనుక తీరప్రాంతంలో తడిని ఆరబెట్టడం కంటె, అది గూటిలోకి చేరే మార్గాలను మూసివేయడం ప్రధానం.

తడి వచ్చే మార్గాలు

మొదటిది పక్షులే. ఒక్కొక్క పావురం రోజుకు సుమారు 40 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తాగుతుంది, వేసవిలో ఇంకా ఎక్కువ. 40 పక్షుల గూటిలో ఇది రోజుకు రెండు లీటర్ల మాట. ఆ నీరంతా రెట్ట రూపంలోనో శ్వాస రూపంలోనో బయటికి వచ్చి, అందులో అధికభాగం గూటిలోనే చేరుతుంది. పైకప్పు ఎంత పటిష్ఠంగా ఉన్నా ప్రతిరోజూ గూటిలో రెండు లీటర్ల నీరు కుమ్మరిస్తున్నట్లే లెక్క. పక్షుల సంఖ్యను చోటుకు తగినట్లు ఉంచమని పదే పదే చెప్పడానికి ఇదే కారణం. ఒక్కో పక్షికి అర ఘనపు మీటరుకు తగ్గకుండా గాలిచోటు ఉండాలని నా సూచన. మరో జత కొనాలన్న కోరిక కలిగినప్పుడు ముందుగా ఈ లెక్క వేసుకోవాలి.

రెండవది పైకప్పు. వాన కారితే కంటికి కనబడుతుంది, కనబడనిది మంచు. శీతకాలపు రాత్రి నిర్మలాకాశం కింద ఇనుప రేకు పరిసరపు గాలికంటె చల్లబడుతుంది. లోపలి వెచ్చని తేమగాలి రేకు అడుగుభాగాన్ని తాకి బిందువులుగా మారి, తెల్లవారుజామున పక్షుల వీపులమీద, గూటి అడుగున రాలుతుంది. రేకు చిల్లిపడిందని భ్రమించి తారు పూయించేవారున్నారు. దానివల్ల ప్రయోజనం లేదు. రేకుకు అడుగున నాలుగు వేళ్ల ఎడం విడిచి తాటాకు తడికనో పలక చెక్కనో మరొక పొరగా అమర్చి, ఆ ఎడంలో గాలి అటూ ఇటూ పోయే వీలు కల్పిస్తే చాలు. మండువేసవిలో ఇదే పొర వేడిని కూడా అడ్డుకుంటుంది.

మూడవది జల్లు. విశాఖకు నైరుతి ఋతుపవనపు వానలతోపాటు ఈశాన్యపు వానలు కూడా ఉన్నాయి. ఏడాదిలో అత్యధిక వర్షపాతం అక్టోబరులోనే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు జల్లు నైరుతి వైపు నుంచి, ఆ తరువాత ఈశాన్యం నుంచి కొడుతుంది. ఈ రెంటికీ ఎదురు కాకుండా, ఉదయపు ఎండ మాత్రం సోకేది ఆగ్నేయ దిక్కు. గూటి ముఖం అటు ఉంచి, ముందు చూరును 60 సెంటీమీటర్లకు తగ్గకుండా పొడిగించి, పడమటి గోడను పూర్తిగా మూసివేయడం ఉత్తమం. గాలి లోనికి వచ్చే రంధ్రాలు కింద, వెలుపలికి పోయే రంధ్రాలు పైన ఉండాలి. పక్షులు కూర్చునే కొమ్మల ఎత్తులో మాత్రం ఉండరాదు. తుపాను గాలికి దిక్కు అంటూ ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పటి గాలులను చూసిన నగరవాసులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. హెచ్చరిక వెలువడిన వెంటనే పక్షులను వెదురు గంపలలోకి మార్చి ఇంటిలోపలి గదిలో ఉంచడమే తగిన జాగ్రత్త. గూటికి తాళ్లు బిగించి దేవునిమీద భారం వేయడం రక్షణ కాజాలదు.

నాలుగవది నేల. డాబా సిమెంటుమీద నేరుగా గూటిని ఆనించరాదు. 45 సెంటీమీటర్ల కాళ్లమీద నిలిపితే వాననీరు అడుగునుంచి సాగిపోతుంది, గాలి కూడా ఆడుతుంది. ఎడం ఎడంగా పేర్చిన చెక్క పట్టీల నేల, దాని కింద రెట్ట పడే పళ్లెం అన్నిటికంటె మేలు.

అడుగున ఏమి పరవాలి

పట్టీల నేల కుదరనివారు ఎండిన ఊకను రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరచుకోవచ్చు. ఇసుక వాడేవారు నది ఇసుకనే వాడాలి. సముద్రపు ఇసుక చేరువలో ఉన్నది కదా అని తెచ్చి పరిస్తే అందులోని లవణాలు గాలిలోని తేమను లాగి గూటిని నిత్యం చెమ్మగా ఉంచుతాయి. పైగా పక్షులు ఆ ఇసుకను ఏరుకొని తిని, ఉప్పు మితిమీరి, ఎక్కువ నీరు తాగి పలచని రెట్ట వేస్తాయి. తడి రెండింతలవుతుంది.

రెట్టమీద సున్నం చల్లే అలవాటు విస్తృతంగా ఉంది. దీనిని నేను సమర్థించను. పక్షి రెట్టలోని నత్రజని చాలావరకు యూరిక్ ఆమ్ల రూపంలో ఉంటుంది. తడి తగిలినప్పుడు సూక్ష్మజీవులు దానిని అమ్మోనియాగా మారుస్తాయి. క్షారగుణం పెరిగిన కొద్దీ ఆ అమ్మోనియా ద్రవంలో నిలవక వాయువుగా లేస్తుంది. యూరియా వేసిన పొలంలో సున్నం వేయవద్దని రైతుకు చెప్పే మాటే ఇక్కడ కూడా వర్తిస్తుంది. బూడిద సంగతీ ఇంతే. రెట్టను పూర్తిగా గీకి తీసిన తరువాత గోడలకు, మూలలకు సున్నం కొట్టడం వేరు. అది పగుళ్లలోని పురుగులను అణచడానికి ఉపకరిస్తుంది. కోళ్ల పెంపకంలో షెడ్డు గాలిలో అమ్మోనియా పదిలక్షలకు 25 పాళ్లు మించరాదని సాధారణంగా పాటిస్తారు. తెల్లవారుజామున తలుపు తెరిచిన వెంటనే వంగి, పక్షి ఎత్తులో గాలి పీల్చి చూడాలి. ఘాటు తెలిస్తే పరుపు మార్చవలసిన రోజు ఎప్పుడో దాటిపోయినట్లే. నిలబడి పీల్చితే ఈ సంగతి తెలియదు.

గింజ

పావురం రోజుకు 30 నుంచి 40 గ్రాముల గింజ తింటుంది. జొన్న, గంటెలలో మాంసకృత్తులు సుమారు 10, 11 శాతం. పెసలు, బొబ్బర్లలో 24 శాతం వరకు. ఉత్తరాంధ్ర చోళ్లలో మాంసకృత్తులు తక్కువే గాని నూరు గ్రాములకు 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. గుడ్లు పెట్టే ఆడపక్షికి అది విలువైనది. నిలవలో చోళ్లకు పురుగు పట్టడం అరుదు. మూడుపాళ్లు తృణధాన్యం, ఒకపాలు పప్పుగింజలు సాధారణ కాలానికి సరిపోతాయి. దూరపు పందేనికి ముందు కొన్ని రోజులు కాసిని వేరుశనగ పలుకులు చేరుస్తారు. దీర్ఘకాలం ఎగిరే పక్షి కండరాలకు ప్రధాన ఇంధనం కొవ్వు కనుక ఈ అలవాటు శాస్త్రసమ్మతమే.

ప్రమాదం కూడా ఆ పలుకులలోనే పొంచి ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అకస్మాత్తుగా మరణించగా, కారణం బ్రెజిల్ నుంచి దిగుమతి అయిన వేరుశనగ పిండిలో ఉన్నట్లు తేలింది. అఫ్లటాక్సిన్ అనే బూజు విషం వెలుగుచూసింది ఆ సందర్భంలోనే. ఎండబెట్టినా, వేయించినా ఈ విషం పూర్తిగా పోదు. తృణధాన్యాలలో 12 శాతానికి, వేరుశనగ పలుకులలో 7, 8 శాతానికి మించి తేమ ఉండరాదు. గింజ తన చుట్టూ ఉన్న గాలితో సమతౌల్యం వచ్చేవరకు తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. 75 శాతం ఆర్ద్రతలో గోనె సంచిలో నిలవచేసిన జొన్న, కొన్నప్పుడు ఎంత పొడిగా ఉన్నా, కొద్ది వారాలలో 14 శాతానికి చేరువవుతుంది. వానకాలంలో గోనె సంచి నిలవ సీతమ్మధారకు తగదు. గాలి చొరని మూత గల డబ్బాలో పోసి, జూలై నుంచి నవంబరు వరకు పక్షం రోజులకు సరిపడేంత మాత్రమే కొనాలి. రైతు బజారు నడకదూరంలో ఉండగా మూడు నెలల గింజ ఒకేసారి కొనవలసిన అగత్యం లేదు.

తేమను అంచనా వేసేందుకు రైతులెరిగిన పద్ధతి ఒకటున్నది. పూర్తిగా ఆరిన గాజు సీసాలో గుప్పెడు గింజలు, పెనంమీద వేడిచేసి చల్లార్చిన రెండు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత బిగించి కొన్ని నిమిషాలు కుదపాలి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే గింజలో తేమ 15 శాతం దాటినట్లు. అంటుకోనంతమాత్రాన 12 శాతం లోపు ఉన్నదని చెప్పలేము గాని, తిరస్కరించదగిన గింజను గుర్తించడానికి ఇది చాలు.

తడికి, రోగానికి గల సంబంధం

కాక్సిడియా పరాన్నజీవి గుడ్లు రెట్టతో బయటపడిన వెంటనే రోగం కలిగించలేవు. తడి, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజులలో అవి పక్వమై సంక్రమణ శక్తిని పొందుతాయి. రోజూ రెట్ట తీసే గూటిలో ఆ వ్యవధి వాటికి దొరకదు. గొంతులో పసుపుపచ్చని పొర కట్టే కేంకర్ రోగకారకం ఆరిన చోట బతకదు. నీటి తొట్టి ద్వారాను, తల్లిదండ్రులు పిల్లలకు పట్టే పావురపు పాల ద్వారాను సంక్రమిస్తుంది. తొట్టిని రోజూ తోమి, వీలైతే రెండు తొట్లు ఉంచుకొని ఒకటి ఎండలో ఆరుతుండగా రెండవది వాడాలి. మశూచిని దోమలు మోస్తాయి. డాబామీది పాత కుండలు, టైర్లు తొలగించడం గూటిని శుభ్రపరచడంతో సమానమైన పని.

తడి కొన్నిసార్లు రోగానికి కారణం కాక లక్షణమై ఉంటుంది. పావురాల పారామిక్సో వైరస్, కోళ్ల కొక్కెర తెగులుకు దగ్గరి బంధువు. ఇది సోకిన పక్షి అధికంగా నీరు తాగుతుంది. మెడ వంకర తిరగడం చాలాసార్లు ఆ తరువాతనే కనబడుతుంది. రెట్టను జాగ్రత్తగా గమనించాలి. గట్టి భాగం విడిగా నిలిచి, చుట్టూ తేట నీరు మడుగు కట్టి ఉంటే అది విరేచనం కాదు, మూత్రాధిక్యం. ఒకే వారంలో పలు పక్షులలో ఇది కనబడితే పైకప్పును తనిఖీ చేస్తూ కాలయాపన చేయక వెంటనే పశువైద్యుని సంప్రదించాలి. టీకా ఏది, ఎప్పుడు అన్నది కూడా ఆయనే నిర్ణయించాలి. కొత్తగా కొన్న పక్షిని 30 రోజులు వేరుగా ఉంచనివారు, పందెపు బుట్టలలో ఇతర గూళ్ల పక్షులతో కలిపి పంపేవారు ఈ విషయంలో మరింత అప్రమత్తంగా ఉండాలి.

పొడిగూడు అన్నిటికీ ఔషధం కాదు. పావురపు ఈగ దీనికి ఉదాహరణ. ఈకల నడుమ చొరబడి రక్తం పీల్చే ఈ ఈగ హీమోప్రోటియస్ అనే రక్తపరాన్నజీవిని వ్యాపింపజేస్తుందని సెర్జెంట్ సోదరులు 1906లో అల్జీరియాలో నిరూపించారు. దాని ప్యూపాలు పొడి చెత్తలోనే, గుడ్ల గూళ్లలోనే ఉంటాయి. పొదిగే కాలం ముగిసిన ప్రతిసారీ ఆ చెత్తను పూర్తిగా తీసి కాల్చివేయడమే దీనికి మార్గం.

గూడు పొడిగా ఉంటే ధూళి లేస్తుంది. పావురపు ఈకల పొడి, ఎండిన రెట్ట ధూళి ఏళ్ల తరబడి పీల్చినవారిలో కొందరికి ఊపిరితిత్తులలో అలర్జీవల్ల వాపు కలిగి, క్రమంగా గట్టిపడే వ్యాధి వస్తుంది. డాబామీద గూడున్న ఇంటిలో ఇది పెంపకందారుకు మాత్రమే కాక పిల్లలకు, పై అంతస్తువారికి కూడా సంబంధించిన విషయం. పక్షులు ఎగరడానికి వెళ్లిన వేళ ఎన్-95 ముసుగు ధరించి, చీపురుతో ఊడ్వక గీకుడుపారతో రెట్టను తీసి, నేరుగా మూతగల డబ్బాలో వేయాలి. ఆ బట్టలతో ఇంటిలోకి రాకూడదు. తీసిన రెట్టను ఊకతో, ఎండుటాకులతో కలిపి లోపల 55 డిగ్రీల వేడి పుట్టేలా కుప్పవేసి మగ్గబెట్టిన తరువాతే మొక్కలకు వాడాలి. పచ్చిది వేస్తే వేళ్లు మాడుతాయి. గూడు శుభ్రం చేసిన నాలుగు నుంచి ఎనిమిది గంటల తరువాత దగ్గు, ఆయాసం, చలిజ్వరం పదే పదే వస్తున్నవారు వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు తాము పావురాలు పెంచుతున్న సంగతిని అడగకముందే చెప్పాలి. ఆ సంగతి తెలియకపోతే ఈ లక్షణాలను వైద్యులు జలుబుగానో ఉబ్బసంగానో భావించే అవకాశం ఎక్కువ.