రైఫిల్‌పై టెలిస్కోపు: నాలుగు రంధ్రముల పని

రైఫిల్ మీద టెలిస్కోపును నిలుపునవి సాధారణముగా నాలుగు చిన్న మరమేకులు. తుపాకి పేలినప్పుడెల్ల వెనుకకు తన్నును. ఆ తాకిడినంతటిని ఓర్చి, టెలిస్కోపును వెంట్రుకవాసి కదలనీయక పట్టియుంచు భారము వానిదే. వానికొరకు రిసీవర్ అను ఉక్కు భాగమున రంధ్రములు తొలిచి, లోపల మర కోయవలెను. మన కార్ఖానాలలో తొలుచు సాధనమును ఉర్దూలో ‘బర్మా’ అనియు, మరచుట్లను ‘చూడీ’ అనియు పిలుతురు. చూడీ యనగా గాజు. ముంజేతిని గాజు చుట్టినట్లు మేకును మర చుట్టియుండును. ఇంత చక్కని పేరు పాఠ్యపుస్తకములలో మాకు కనబడలేదు.

అమెరికాలో ఈ పనిని ఇంటి షెడ్డులోనే స్వయముగా చేసికొనువారు కలరు. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము లైసెన్సు లేనిదే తుపాకిని మార్చుటను, మరమ్మతు చేయుటను నిషేధించుచున్నది. కనుక మేము దీనిని ఉక్కు పనికి ఉదాహరణముగా మాత్రమే గైకొనుచున్నాము. బర్మాయు టాపును పట్టు ప్రతి విద్యార్థికి ఇందు నేర్చుకొనదగినది కలదు.

1898లో జర్మనీ సైన్యము స్వీకరించిన మౌజర్ రైఫిల్ ఇనుప గురికై చేయబడినది, టెలిస్కోపుకై కాదు. ప్రపంచ యుద్ధముల పిమ్మట ఈ తుపాకులు మిగులు సరుకుగా అమెరికా చేరగా, వేటగాండ్రు వానిపై టెలిస్కోపు నిలుపగోరిరి. పైకి లేపిన బోల్టు పిడి టెలిస్కోపునకు తగులును, దానిని వంచవలెను. వెనుక వంతెనపై తూటాల పట్టీకై విడిచిన ఉబ్బును అరగదీయవలెను. ఆ తరువాతనే రంధ్రముల ప్రసక్తి.

మొదట ఉక్కును తెలిసికొనవలెను. పాత మౌజర్ రిసీవర్ కొబ్బరికాయ వంటిది: పైన పలుచని గట్టి పెంకు, లోపల మెత్తని ఉక్కు. ఆ గట్టిదనము కార్బన్ పట్టించి తెచ్చినది. మామూలు బర్మా దానిపై జారి, మొన మొండిబారును. కార్బైడ్ బర్మాతో గాని, పై పొరను ఆ చోట మాత్రము సానపట్టి తొలగించి గాని దిగవలెను. కొందరు మంటతో కాల్చి మెత్తబరతురు. ఈ ఉపాయము మాకు నచ్చదు. తూటా పేలు వేళ బోల్టును పట్టియుంచు గట్లు ఆ ముందు వలయములోనే కలవు. అచటి ఉక్కు గుణము చెడినచో గురి తప్పుటతో పోదు, ప్రాణము మీదికి వచ్చును.

ఇది ఊరక బెదిరించుట కాదు. అమెరికా సైన్యపు 1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ళలో కొన్నింటి రిసీవర్లు 1917 ప్రాంతమున గాజువలె పగిలినవి. విచారింపగా, కొలిమిలోని ఉక్కు వేడిని పనివాండ్రు రంగు చూచి కంటితోనే నిర్ణయించుచుండిరని తేలినది. మబ్బు నాడు చాలిన వేడి ఎండ నాడు కంటికి చాలినట్లు తోచదు. ఎండ కాయు దినమున వారి అంచనా 300 ఫారన్‌హీట్ డిగ్రీల వరకు హెచ్చెడిదని జూలియన్ హాచర్ 1947 నాటి తన గ్రంథమున వ్రాసెను. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారమున తయారై 8,00,000 లోపు సంఖ్య గల ఆ రిసీవర్లను నేటికిని ఎరిగినవారు నమ్మరు. అట్టిదానిని తొలువనే కూడదు.

ఇక మర. అమెరికా తుపాకి పనిలో వాడుక మర 6-48. అనగా మేకు వ్యాసము 0.138 అంగుళము, అంగుళమునకు 48 చుట్లు. మౌజర్ ముందు వలయపు గోడ, లోపల బ్యారెల్ బిగియు చోట, సుమారు 0.155 అంగుళము మాత్రమే. ఆ కొద్ది మందములో ఏడు చుట్లు పట్టుటకే ఇంత సన్నని మర. రంధ్రమునకు 0.120 అంగుళపు బర్మా వాడుదురు. అప్పుడు మర పూర్తి లోతులో మూడింట రెండు పాళ్ళు వచ్చును. తక్కువైనదని శంకింప పనిలేదు. నూటికి నూరు పాళ్ళ మర 75 పాళ్ళ మర కన్న సుమారు 5 పాళ్ళే బలమైనది. టాపు తిప్పుటకు మాత్రము మూడింతల బలము కావలెను. అంత బలమునకు సన్నని టాపు విరుగును. విరిగిన టాపు చుట్టునున్న ఉక్కుకన్న గట్టిది గనుక బర్మాకు లొంగదు. కనుక నూనె వేసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనుకకు తిప్పుచు రజను విరిచి తీయవలెను. రంధ్రము ఆవలికి పొడవనిచో చివరి చుట్లకు అడుగు టాపు వేరుగా కావలెను.

అన్నింటికన్న కష్టమైనది సూటి. ముందు వెనుక ఆధారముల నడుమ 100 మిల్లీమీటర్ల ఎడమున్నదనుకొందము. వెనుక రంధ్రము 0.1 మిల్లీమీటరు ప్రక్కకు తొలగెనా, వాలు వెయ్యింట ఒకటి. 100 మీటర్ల దూరమున అది 10 సెంటీమీటర్లగును. టెలిస్కోపు లోపలి మరలతో కొంత సరిదిద్దవచ్చును గాని, సవరించు అవకాశమంతయు అచటనే ఖర్చగును. వంకర ఆధారములు టెలిస్కోపు గొట్టమును నొక్కును కూడ. రిసీవర్ పైభాగము చేతితో మెరుగుపెట్టినది గనుక దానిని చూచి నడిమి గీత గీయరాదు. మంచి జిగ్ బ్యారెల్‌ను ఆధారము చేసికొని పట్టును. గట్టి ఉక్కు గొట్టము గుండా బర్మాను నిలువుగా దింపును. చేతి డ్రిల్లు ఈ పనికి తగదు. జిగ్ లేనివాడు పని మొదలిడకుండుటయే మేలని మా అభిప్రాయము.

ఒక చిన్న విశేషము. 1841లో బ్రిటన్ మరలకు 55 డిగ్రీల కోణముతో ఒక ప్రమాణము ప్రతిపాదించిన జోసెఫ్ విట్‌వర్తే ఆరు పలకల నాళము గల రైఫిల్‌ను కూడ నిర్మించెను. 1860లో వింబుల్డన్ పోటీలను విక్టోరియా రాణి ఆ తుపాకి పేల్చియే ప్రారంభించినది.

తొలగిన రంధ్రమునకు ఒక చికిత్స కలదు. దానిని మిల్లింగు యంత్రముపై సరియైన చోటికి జరిపి, 0.164 అంగుళపు 8-40 మరకు పెంతురు. పాత రంధ్రము కొత్త మర వ్యాసము లోపలనే ఇమిడియుండవలెనన్న, ఇట్లు జరుపగల దూరము 0.013 అంగుళము, అనగా మిల్లీమీటరులో మూడవ వంతు.