యూరియా – నేలలోని సూక్ష్మజీవులు

చల్లిన యూరియానంతయు పైరే గ్రహించునని మనలో పలువురి నమ్మకము. అందు నూటికి 46 పాళ్లు నత్రజని యున్నమాట నిజమే. కాని ఆ రూపమున నది పైరునకు అంతగా నుపకరింపదు. నేలలోని సూక్ష్మజీవులు ‘యూరియేజ్’ అను ఎంజైమును పుట్టించును. నమలిన అన్నమును లాలాజలములోని ఎంజైము తీయబరచునట్లు, ఇది యూరియాను విడగొట్టి అమ్మోనియాగా మార్చును. మెట్టనేలలో వేరొక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చి వేళ్లకందించును. ఎంజైములన్నిటిలో మొట్టమొదట స్ఫటికరూపమున వేరుచేయబడినది ఈ యూరియేజే. 1926లో జేమ్స్ సమ్నర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆ పని చేసెను.

ఈ ఎంజైము మేలు చేయునదే గాని చోటెరుగదు. తడిసి ఆరుచున్న నేలపై యూరియాను వెదజల్లి వదలినచో నచ్చటనే విడగొట్టును. అమ్మోనియా గాలిలో గలియును. రైతు సొమ్మును దానితోడనే పోవును. మట్టిలో గలిపినచో బంకమన్నును, జీవపదార్థమును దానిని పట్టియుంచును.

ఆ జీవపదార్థమే సూక్ష్మజీవులకు ఆహారము. కోతల పిమ్మట మోళ్లకు నిప్పు పెట్టు గ్రామములలో నది బూడిదయగుచున్నది. ఎరువుల కొరతను గూర్చి గంటసేపు వాదించు గ్రామసభలలో ఈ మంట ప్రస్తావన యరుదు. పెంటపోగులను గోతులకు తరలింపజేయుట, జీలుగ విత్తనములు తొలకరికి ముందే రైతులకందునట్లు చూచుట సభ్యులు పూనుకొనదగిన పనులు. జీలుగను పూతదశలోనే కలియదున్నవలెను. ముదిరిన కాడ చివుకుటకు ఆలస్యమగును.