చేతికి కుదిరిన కొడవలి

వరి కోతలు వచ్చాయి.

ఈ రోజుల్లో కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో వరిని ఎక్కువగా మిషన్లే కోస్తున్నాయి. అయినా కొడవలి పని పోలేదు. గాలివానకు పైరు పడిపోయి, మడిలో నీళ్లు నిలిస్తే మామూలు మిషన్ దిగబడుతుంది. మడి మూలలు చేతితోనే కోయాలి. బర్లకు గడ్డి కోయాలి. జొన్న కోయాలి.

ఒక ఊళ్లో అత్త, కోడలు కోత కూలికి పోయేవారు. కోడలు కొత్తగా కాపురానికి వచ్చింది. అంగడిలో కొత్త కొడవలి కొన్నది. పెద్ద కొడవలి. తళతళ మెరుస్తున్నది. పిడికి ఎర్ర రంగు కూడా పూశారు. అత్త కొడవలి పాతది. నల్లగా, అరిగిపోయి ఉంది.

మొదటి రోజు కోడలే అందరికంటే ముందు సాగింది. రెండో రోజు మణికట్టు గుంజింది. మూడో రోజు పొద్దున నీళ్ల చెంబు కూడా లేపరాలేదు. మణికట్టు వాచింది. రెండు రోజుల కూలి పోయింది.

"ఈ కాలం పిల్లలకు పని చాతగాదు" అన్నారు ఇరుగుపొరుగు.

అత్త ఆ మాట అనలేదు. రెండు కొడవళ్లూ పట్టుకుని, కోడలిని వెంట పెట్టుకుని కొలిమికి పోయింది.

"అన్నా, పిల్ల చెయ్యి వాసింది. జెర ఈ కొడవలి సంగతి చూడు."

కమ్మరి కొడవలి వైపు చూడలేదు. "ముందు చెయ్యి చూపియ్యి బిడ్డా" అన్నాడు.

కోడలి అరచేతిలో రెండు బొబ్బలు ఉన్నాయి. ఒకటి చూపుడు వేలు మొదట్లో. ఇంకొకటి అరచేయి అడుగున, చిటికెన వేలు వైపు.

"కొడవలి ముక్కు బరువున్నది" అన్నాడు కమ్మరి.

"చూడకుండనే ఎట్ల చెప్తున్నవు మామా?" అంది కోడలు.

"నీ చెయ్యే చెప్తున్నది. ముక్కు కిందికి గుంజుతది. అప్పుడు పిడి ఎనుక కొస పైకి లేస్తది. అరచెయ్యిని పొడుస్తది. అది లేవకుంట నీ మణికట్టు ఆపుకుంట ఉంటది. కోసుడు సగం, ఆపుడు సగం. చెయ్యి వాయకుంట ఎట్లుంటది?"

పక్కనే కిరాణా దుకాణం ఉంది. రెండు కొడవళ్లనూ అక్కడి తక్కెడలో వేసి చూశారు. కొత్తది 320 గ్రాములు తూగింది. పాతది 220 గ్రాములు తూగింది. తేడా 100 గ్రాములు.

"వంద గ్రాములేనా!" అంది అత్త. "పావు కిలో సుత లేదు."

లెక్క వేసి చూద్దాం. ఒక మనిషి నిమిషానికి 20 సార్లు కొడవలి ఆడిస్తుందని అనుకుందాం. గంటకు 60 నిమిషాలు. 20ని 60తో గుణిస్తే 1,200. రోజుకు 6 గంటలు కోస్తే 7,200 సార్లు. ప్రతిసారీ 100 గ్రాములు ఎక్కువ లేపాలి. 7,200ను 100తో గుణిస్తే 7,20,000 గ్రాములు. అంటే 720 కిలోలు. ఏడు క్వింటాళ్ల మీద ఇంకో ఇరవై కిలోలు! ఆ బరువంతా ఒక్క మణికట్టు మీదనే పడుతుంది. దీనికి ఎవరూ కూలి కట్టివ్వరు.

అయితే బరువు తక్కువ ఉంటే చాలా? చాలదు. బరువు ఎంత ఉందో చూడాలి. ఎక్కడ ఉందో కూడా చూడాలి.

కమ్మరి అత్తను అడిగాడు. "చెల్లె, రోకలిని యాడ పట్టుకుంటవు?"

"నడుమ పట్టుకుంట."

"కొసకు పట్టుకుని అడ్డంగ లేపు చూద్దాం."

"అమ్మో, లేస్తదా!"

"రోకలి బరువు మారిందా మరి?"

మారలేదు. పట్టుకున్న చోటు మారింది. బరువు చేతికి దగ్గరగా ఉంటే తేలిక. దూరంగా ఉంటే అదే బరువు రెండింతలు అనిపిస్తుంది. కొడవలి అయినా, కత్తి అయినా, గొడ్డలి అయినా ఇదే లెక్క.

తిన్నని కత్తి అయితే దీన్ని కనుక్కోవడం సులువు. కత్తిని చూపుడు వేలి మీద అడ్డంగా పెట్టాలి. తక్కెడ నిలిచినట్టు కత్తి ఎటూ వాలకుండా ఒక చోట నిలుస్తుంది. ఆ చోటు పిడికి దగ్గరగా ఉంటే కత్తి చేతిలో తేలికగా ఆడుతుంది. ముక్కు వైపు ఉంటే దెబ్బ గట్టిగా పడుతుంది. కానీ చెయ్యి తొందరగా అలుస్తుంది. ఈ పని చేసేటప్పుడు కత్తిని వెన్ను మీద ఆనించాలి, పదును అంచు మీద కాదు.

కొడవలి వంకరగా ఉంటుంది. వేలి మీద సరిగా నిలవదు. దానికి వేరే ఉపాయం ఉంది. కోసేటప్పుడు పట్టుకున్నట్టే కొడవలిని పట్టుకోవాలి. తర్వాత పట్టు కొంచెం వదులు చేయాలి. ముక్కు మెల్లగా వాలితే మంచిదే. గబుక్కున కిందికి పడితే ముక్కు బరువు ఎక్కువ. పక్కకు తిరిగితే పిడి వంకరగా దిగిందని అర్థం. అంగడిలో కొనేటప్పుడు నిలబడ్డ చోటనే ఇది చూసుకోవచ్చు. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనీ.

మరి ముక్కు బరువు ఎప్పుడూ చెడ్డదేనా? కాదు. కంప కొట్టాలన్నా, వెదురు నరకాలన్నా ముందు భాగమే బరువుగా ఉండాలి. తేలిక కత్తితో తుమ్మ కొమ్మ కొడితే కత్తి ఎగిరి పడుతుంది. ఒక్క దెబ్బకు తెగేది నాలుగు దెబ్బలకు తెగుతుంది. కల్లు గీసే గౌడుకు ఇంకో రకం కత్తి కావాలి. తాడు మీద నిలబడి గెలను పలుచగా చెక్కాలి. అక్కడ బలం పని లేదు, పదునే పని. అందుకే కత్తి కొనబోయే ముందు ఒక మాట అడగాలి. ఇది కోయడానికా? కొట్టడానికా? చెక్కడానికా?

కమ్మరికి ఒక సంగతి గుర్తుకు వచ్చింది.

"ఒకసారి గూర్ఖా ఇక్కడికి వచ్చిండు. రాత్రిపూట విజిల్ ఊదుకుంట తిరుగుతడు గద, ఆయన. కుక్రీ పిడి కదిలిందని తెచ్చిండు. చేతిల పట్టుకుంటే అర కిలో దాకున్నది. కానీ ఎత్తి కొడితే అంత బరువు అనిపియ్యలేదు. కొట్టుడు మనం కొట్టినట్టు లేదు. అదే పోయి పడ్డట్టున్నది."

కుక్రీ నేపాల్ కత్తి. అక్కడి కొండ పల్లెల్లో ఇంటింటా ఉంటుంది. కట్టెలు కొట్టడానికి, మాంసం కోయడానికి, కంప నరకడానికి అదే కత్తి. 1814 నుంచి 1816 వరకు నేపాల్‌కు, ఈస్టిండియా కంపెనీకి యుద్ధం జరిగింది. గూర్ఖాల పోరు చూసి, 1815 నుంచే కంపెనీ వాళ్లను తన పటాలాల్లో చేర్చుకోవడం మొదలు పెట్టింది. గూర్ఖా సిపాయిల వల్ల కుక్రీ పేరు ప్రపంచమంతా తెలిసింది. కానీ అది మొదటి నుంచీ పనిముట్టే.

కుక్రీ నడుమకు వచ్చేసరికి ముందుకు వంగుతుంది. వంగిన తర్వాత వెడల్పు అవుతుంది. బరువంతా అక్కడే ఉంటుంది. దెబ్బ కూడా అక్కడే పడుతుంది. వెన్ను పిడి దగ్గర మందంగా, మొన దగ్గర పలుచగా ఉంటుంది. అందుకే అర కిలో కత్తి అయినా చేతిలో మొద్దుగా ఉండదు. నేపాల్‌లో దీన్ని చేసేవాళ్లను కామి అంటారు. వాళ్లు అక్కడి కమ్మర్లు. ఇప్పుడు వాళ్లు ఎక్కువగా పాత లారీల, జీపుల కమాన్ పట్టీలతో కుక్రీలు చేస్తారు. మన కమ్మర్లు కూడా కత్తులకు, గొడ్డళ్లకు అదే పట్టీ వెతుకుతారు. కామి కాల్చిన కుక్రీని మొత్తం నీళ్లలో ముంచడు. కెటిల్‌తో అంచు మీద మాత్రమే నీళ్లు పోస్తాడు. అంచు గట్టిపడుతుంది. వెన్ను కొంచెం మెత్తగా ఉంటుంది. అందుకే గట్టి దెబ్బకు కత్తి విరగదు.

కుక్రీ కొనేవాళ్లు కూడా ఇవే చూడాలి. మొదటిసారి కొనేవాళ్లు పెద్దదాన్ని, బరువైనదాన్ని చూసి మోజుపడతారు. ఎత్తి పది సార్లు ఆడించి చూడాలి. పదో సారి కూడా అనుకున్న చోటనే ఆపగలిగితే అది చేతికి కుదిరినట్టు. ఆగకుండా ముందుకు పోతే అది తన కాలికే తగులుతుంది.

"మన దిక్కు ఉక్కు అంత మంచిగుండదా మామా?" అని అడిగింది కోడలు.

కమ్మరి నవ్వాడు. "మన దిక్కు ఉక్కు కోసం పారసీకులు వచ్చేటోళ్లు బిడ్డా."

ఇది కథ కాదు. మెట్‌పల్లి నుంచి నిజామాబాద్ పోయే దారిలో కమ్మర్‌పల్లి ఉంది. ఆ పక్కన కోనసముద్రం అనే ఊరు ఉంది. నిర్మల్ దిక్కున దిమ్మదుర్తి దగ్గర ఇనుప రాయి తీసేవారు. కోనసముద్రంలో రెండు చోట్ల ఇనుమును కలిపేవారు. ఒకటి మూడు పాళ్లు, ఇంకొకటి రెండు పాళ్లు. ఆ ముక్కలను మట్టి మూసలో పెట్టి, మూతి మూసి, గంటల కొద్దీ తిత్తులు ఊది కాల్చేవారు. మెల్లగా చల్లారిన తర్వాత మూస పగలగొడితే ఉక్కు ముద్ద వచ్చేది. హెన్రీ వాయిసీ అనే డాక్టరు ఈ ఊరికి వచ్చి అంతా చూశాడు. ఆయన రాసింది 1832లో అచ్చయింది. ఉక్కు కొనడానికి ఇరాన్ దేశపు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి సంగతి కూడా ఆయన రాశాడు. డమాస్కస్ కత్తులు అని పేరు పడ్డ కత్తులు ఇటువంటి ఉక్కుతో చేసినవే. తర్వాత సీమ నుంచి చవక ఉక్కు వచ్చింది. అడవిలో బొగ్గు కాల్చుకోవడానికి ఆంక్షలు వచ్చాయి. కొలుములు ఆరిపోయాయి. కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లలో చిట్టెం దిబ్బలు ఇప్పటికీ కనపడతాయి. ఇనుప రాయిని కరిగించినప్పుడు మిగిలిన చెత్తనే చిట్టెం అంటారు.

ఎంత మంచి ఉక్కు అయినా పిడి కుదరకపోతే పనికి రాదు. కమ్మరి కొత్త కొడవలి పిడి చూశాడు. లావుగా, గుండ్రంగా ఉంది. కోడలి వేళ్లు దాని చుట్టూ సగమే పోయాయి. గుండ్రటి పిడి చేతిలో తిరుగుతుంది. తిరగకుండా గట్టిగా పట్టుకోవాలి. గట్టిగా పట్టుకుంటే మోచేతి దాకా నరాలు గుంజుతాయి. పిడి కోడిగుడ్డు లాగా కొంచెం అణిగి ఉండాలి. పట్టుకున్నప్పుడు బొటన వేలు చూపుడు వేలి మీదికి రావాలి. నాలుగు వేళ్లు పట్టి, ఇంకో బొటన వేలంత మిగలాలి. రంగు, నూనె పూసిన నున్నటి పిడి చెమటకు జారుతుంది. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ వాళ్లు 'నవీన్' అనే కొడవలి తయారు చేశారు. కోసేటప్పుడు వేళ్లు నేలకు గీరుకోకుండా దాని పిడిని వంచి పెట్టారు.

కమ్మరి కొంచెంసేపు ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు.

"తప్పు అంగడిది ఒక్కదానిదే కాదు చెల్లె. నేను సుత ఇన్నేండ్ల సంది నా చేతి కొలతకే పిడి పెడుతున్న. కోసేది ఎవరు? ఆడోళ్లే ఎక్కువ. ఎవ్వరి చెయ్యి కొలిచి చూడలేదు."

"మేము సుత ఎన్నడు అడగలేదు" అంది అత్త.

కమ్మరి ఒక దారం తెచ్చాడు. కోడలి పిడికిలి చుట్టూ, అరచేయి వెడల్పూ కొలిచి ముడి వేశాడు. కొడవలిని కొలిమిలో పెట్టాడు. కోడలు ఎడమ చేత్తో తిత్తి తిప్పింది. ముక్కు ఎర్రగా కాగింది. దాగలి మీద పెట్టి ముక్కును సాగగొట్టాడు. పొడుగు పెరిగిన కొసను కత్తిరించాడు. మళ్లీ పదును పెట్టాడు. ఆకురాయితో కక్కు కొట్టాడు. తుమ్మ కర్రతో సన్నని పిడి చెక్కి, మొదట్లో ఇనుప పొన్ను వేశాడు. ఆ పొన్ను వల్ల పిడి పగలదు. చేతి దగ్గర కొంచెం బరువు కూడా పెరుగుతుంది.

మళ్లీ తూచారు. 250 గ్రాములు.

"ఇంక ముప్పై గ్రాములు ఎక్కువనే ఉన్నది" అంది కోడలు, అత్త కొడవలి చూస్తూ.

"అది ఇరవై ఏండ్లు అరిగింది బిడ్డా. నీది ఇప్పుడే మొదలు. వాపు తగ్గినంక మూడు రోజులు కోసి చూడు. మళ్ల బొబ్బ లేస్తే, యాడ లేసిందో చూసుకుని రా."

వాపు తగ్గడానికి వారం పట్టింది. కోడలు మళ్లీ కోతకు పోయింది. నాలుగో రోజు పొద్దుగూకే వేళ కొలిమికి వచ్చింది. అరచేయి అడుగున ఏమీ లేదు. చూపుడు వేలు మొదట్లో మాత్రం కొంచెం కమిలింది. కమ్మరి ఆకురాయి తీసుకుని ముక్కు వెన్నును ఇంకొంచెం రాకాడు. ఆమె వెనుక ఇద్దరు ఆడవాళ్లు తమ కొడవళ్లు పట్టుకుని నిలబడ్డారు. కమ్మరి దారం ఉండ కోసం గూట్లో చెయ్యి పెట్టాడు.